ఏకాదశి ఒక్కపొద్దు: దశమి రాత్రి నుంచి ద్వాదశి పారణ దాకా

ఏకాదశిని ఒక రోజు ఉపవాసం అంటాం గానీ గంటల్లో లెక్కేస్తే అది 36. దశమి రాత్రి ఏడింటికి చెయ్యి కడుక్కున్నవాళ్ళు ద్వాదశి పొద్దున ఏడింటికి గానీ మళ్ళీ ముద్ద ముట్టరు. ఈ లెక్క వేసుకోక, మొదటిసారి ఉండేవాళ్ళు సాయంత్రం దీపం పెట్టే వేళకు "ఇంక అయిపోవచ్చింది కదా" అనుకుంటారు. అప్పటికి ఇంకా పన్నెండు గంటలు మిగిలే ఉంటాయి.

పెద్దలు దశమి నాడు ఒంటిపూట భోజనం, ద్వాదశి నాడు వేళ చూసి పారణ (ఉపవాసం విడవడం) అని అటూ ఇటూ రెండు నియమాలు పెట్టారు. ఇప్పుడు చాలామంది ఆ రెండూ వదిలేసి మధ్య రోజును మాత్రం పట్టుకుంటున్నారు. ఉపవాసంలో తలనొప్పి వచ్చినా, తర్వాత కడుపుబ్బరం, విరేచనాలు పట్టుకున్నా తప్పు ఎక్కువగా ముందు రాత్రో మర్నాటి ఉదయమో జరిగి ఉంటుంది. అందుకని ఇక్కడ ఆ రెండు చివర్ల గురించే ఎక్కువగా చెప్పుకుందాం. కార్తీక సోమవారం నక్తానికీ (పగలంతా ఉండి చుక్క చూశాక తినడం), శనివారం ఒక్కపొద్దుకీ, శివరాత్రికీ ఇదే పద్ధతి కొద్ది మార్పులతో సరిపోతుంది. రంజాన్ రోజా వేరు. అందులో పగలు నీళ్ళు కూడా ఉండవు, నెల పొడుగునా సాగుతుంది. ఈ లెక్కలు దానికి పెట్టకండి.

ముందు మందుల డబ్బా

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరును అడగకుండా ఒక్క పూట తిండి కూడా మానకూడదు. మీరు తిన్నారో లేదో ఆ మందుకు పట్టదు, అది షుగర్‌ని దించుకుంటూ పోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలతో ప్రమాదం ఇంకో దారిలో వస్తుంది. గ్లూకోమీటర్‌లో అంకె మామూలుగానే కనిపిస్తూ ఉంటుంది, లోపల మాత్రం కొవ్వు కరిగినప్పుడు పుట్టే కీటోన్ ఆమ్లాలు రక్తంలో పేరుకుపోతాయి. ఈ మాత్ర వేసుకునేవాళ్ళకు ఉపవాసంలో వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే "పైత్యం చేసింది" అనుకుని పడుకోబెట్టకండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్ళకు షుగర్ పడిపోయే భయం తక్కువే. కానీ ఖాళీ కడుపున అది వికారం పెడుతుంది, మోతాదు ముందే మాట్లాడుకోవాలి.

ఫ్రూసెమైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీరు లాగే మాత్రలు ఉపవాసం రోజున రక్తపోటును మరీ దించుతాయి. లిథియం వేసుకునేవాళ్ళకు ఒంట్లో నీరు తగ్గితే ఆ మందే విషమవుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఖాళీ కడుపున అసలు వద్దు. ఉపవాసపు తలనొప్పికి జనం ముందు వెతికేది వీటినే. థైరాయిడ్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే పొద్దున్నే గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. మూర్ఛ మందులు, స్టెరాయిడ్లు ఒక్క పూట కూడా మానకూడదు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళు, అల్సర్ ఉన్నవాళ్ళు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 18.5 కన్నా తక్కువ ఉన్నవాళ్ళు, తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడి బయటపడినవాళ్ళు 36 గంటల జోలికి పోవద్దు. గౌట్ ఉన్నవాళ్ళు కూడా ఆలోచించుకోవాలి. ఉపవాసంలో పుట్టే కీటోన్లు, యూరిక్ యాసిడ్ రెండూ కిడ్నీలోంచి బయటపడడానికి పోటీ పడతాయి. యూరిక్ యాసిడ్ వెనకబడి రక్తంలో పెరుగుతుంది, బొటనవేలు వాస్తుంది.

జ్వరంగా ఉన్న రోజున ఏకాదశి వస్తే ఆ ఏకాదశి వదిలేయండి, పదిహేను రోజుల్లో ఇంకోటి వస్తుంది. "లంఖణం పరమౌషధం" అన్నమాట అజీర్ణానికి ఒక పూట పస్తు వరకు బాగానే ఉంటుంది. డెంగీ రోజుల్లో, అంటే వానాకాలంలో, జ్వరం మీద నీళ్ళు కూడా తగ్గించి కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఏకాదశికి మూడు రోజుల ముందు: కాఫీ

ఉపవాసం రోజు మధ్యాహ్నం కణతల దగ్గర పట్టేసే తలనొప్పికి ఎక్కువసార్లు ఆకలి కారణం కాదు, కాఫీ మానడమే కారణం. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల మధ్య ఇది మొదలవుతుంది. దశమి సాయంత్రం నాలుగింటికి తాగితే ఏకాదశి మధ్యాహ్నానికి సరిగ్గా పట్టుకుంటుంది. రోజుకు మూడు కప్పులు తాగేవాళ్ళు అష్టమికి రెండు, నవమికి ఒకటి, దశమికి పొద్దున అరకప్పుకు దిగిరావాలి. కప్పులు తగ్గించడం కష్టమైతే కప్పు అంతే ఉంచి డికాక్షన్ తగ్గించుకుంటూ రండి. టీ తాగేవాళ్ళకూ ఇదే లెక్క, కాకపోతే బాధ కొంచెం తక్కువ.

దించడం కుదరకపోతే, మీ నియమం ఒప్పుకుంటే, ఏకాదశి పొద్దున పాలూ చక్కెరా లేని పలచటి కాఫీ అరకప్పు తాగినా శరీరం లెక్కలో ఉపవాసం చెడదు. కడుపులో మంట ఉన్నవాళ్ళకు ఈ సలహా పనికిరాదు.

దశమి రాత్రి భోజనం

రేపు తినం కదా అని ఈ రాత్రి రెండింతలు తినడం అందరూ చేసే పొరపాటు. బిర్యానీ, పూరీలు, స్వీటు పట్టించి పడుకుంటే షుగర్ ఎత్తుగా లేచి అంతే జోరుగా దిగుతుంది, పొద్దున లేచేసరికి కడుపులో ఎలుకలు పరిగెడుతుంటాయి. ఆవకాయ, వడియాలు, అప్పడాలు, చిప్స్ తింటే రాత్రంతా దాహం, పొద్దున నోరు పిడచగట్టుకుపోవడం.

ఏడింటికల్లా ముగించేయాలి. రెండు జొన్నరొట్టెలో, ఎప్పుడూ తినేదానికి కొంచెం తక్కువ అన్నమో చాలు. దానికి ఒక కప్పు ముద్దపప్పు లేదా పప్పుకూర, బీరకాయో సొరకాయో తోటకూరో ఒక కప్పు, చివర పెరుగన్నం, అర చెంచా నెయ్యి. పప్పు, కూర, నెయ్యి కడుపులో నెమ్మదిగా కదులుతాయి కాబట్టి ఆకలి ఆలస్యంగా వస్తుంది. కూరలో పీచు ఉంటే ద్వాదశి నాడు మలబద్ధకం ఉండదు. పడుకునేలోపు రెండు గ్లాసుల నీళ్ళు తాగండి. దశమి నాడు పొద్దుట్నుంచీ ఒంటిపూట ఉండే ఆచారమున్నవాళ్ళు ఆ పూటను మధ్యాహ్నం కాక సాయంత్రం పెట్టుకుంటే మర్నాడు తేలిగ్గా ఉంటుంది. మధ్యాహ్నం తిని ఆపేస్తే మీ ఉపవాసం 36 కాదు, 42 గంటలు.

మొదటిసారి ఉండేవాళ్ళు నేరుగా 36కు పోకండి. ఒక ఏకాదశికి రాత్రి ఏడు నుంచి మర్నాడు పదకొండు దాకా, అంటే 16 గంటలు ఉండి చూడండి. పై ఏకాదశికి సాయంత్రం ఏడు దాకా, 24 గంటలు. ఇది నక్తం లాంటిదే, చుక్క చూసి తినడం. మూడోసారి పూర్తిగా. ఏడాదికి 24 ఏకాదశులున్నాయి, అధికమాసం వస్తే 26. తొందరేం లేదు.

ఏకాదశి: గంటల వారీగా

నిద్ర లేచేసరికి పన్నెండు గంటలు గడిచిపోయి ఉంటాయి. ఇంతవరకూ శరీరం కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (చక్కెర నిల్వ) మీద నడుస్తుంది. అది మొత్తం కలిపినా వంద గ్రాముల లోపే. మధ్యాహ్నం దాటేసరికి అది బాగా అడుగంటి, కొవ్వు కరిగించడం, కీటోన్లు తయారవడం ఊపందుకుంటాయి. ఈ మార్పు జరిగే వేళ, సుమారు పదకొండు నుంచి నాలుగు దాకా, అందరికీ గడ్డు సమయం. అది దాటితే సాయంత్రం ఆశ్చర్యంగా తేలికపడుతుంది.

ఆకలి అలల్లా వస్తుంది. రోజూ మీరు టిఫిన్ తినే వేళకు, భోంచేసే వేళకు లేచి, పట్టించుకోకపోతే కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. ఆ వేళకు వంటింట్లో ఉండకండి. ఇంట్లో అందరికీ వండిపెట్టే ఆడవాళ్ళకు ఉపవాసం రెట్టింపు కష్టం, అది ఇంట్లోవాళ్ళు గమనించాల్సిన సంగతి. మధ్యాహ్నం వంట ముందు రోజే చేసి పెట్టడమో, ఇంకొకరు చేయడమో ఏర్పాటు చేసుకోవాలి.

నీళ్ళు రోజు మొత్తానికి రెండు నుంచి రెండున్నర లీటర్లు, ఎండాకాలం మూడు. ఒక్కసారి 250 మిల్లీలీటర్లకు మించకుండా గంట గంటకూ తాగాలి. "విషాలు కొట్టుకుపోతాయి" అని పొద్దున్నే లీటరున్నర గడగడా తాగేవాళ్ళున్నారు. కిడ్నీలు గంటకు సుమారు లీటరుకు మించి బయటికి పంపలేవు. మీరు ఉప్పు తినని రోజున అలా పోస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, మరీ ఎక్కువైతే ఫిట్స్ దాకా పోతుంది.

ఉప్పు సంగతి చాలామందికి తెలియదు. తిండి ఆగితే ఇన్సులిన్ పడిపోతుంది. ఇన్సులిన్ పడితే కిడ్నీలు సోడియంను వదిలేస్తాయి, దాని వెంట నీళ్ళూ పోతాయి. పూజ గదిలోంచి చటుక్కున లేచినప్పుడు కళ్ళు బైర్లు కమ్మడం దానివల్లే. దీనికి మందు పలచటి మజ్జిగ. 100 మిల్లీలీటర్ల పెరుగుకు 400 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి చిలికి, పావు టీస్పూన్ ఉప్పు వేసి, పదకొండింటికి సగం, నాలుగింటికి సగం తాగండి. మొత్తం కలిపి 60 కేలరీల చిల్లర. ఎండ ఎక్కువగా ఉంటే ఇంకో పావు టీస్పూన్ ఉప్పు నిమ్మరసం నీళ్ళలో కలుపుకోండి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పినంతే. సైంధవ లవణం వాడినా అదీ సోడియం క్లోరైడే, లెక్క మారదు.

కొబ్బరి నీళ్ళు ఒకటి చాలు. అందులో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ. కాబట్టి మజ్జిగ బదులు కొబ్బరి నీళ్ళు తాగితే తల తిరగడం తగ్గదు. టెల్మిసార్టాన్, లోసార్టాన్, స్పైరనోలాక్టోన్ మాత్రలు వేసుకునేవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఒకటి తర్వాత ఒకటి కొట్టించుకుని తాగకండి. పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది.

ఉప్పు ముట్టని నియమమున్నవాళ్ళు లేచేటప్పుడు ముందు కూర్చుని, అర నిమిషం ఆగి లేవాలి. వేడి నీళ్ళ స్నానం ఎక్కువసేపు వద్దు.

ఇక తేనె నిమ్మరసం. గ్లాసుకు ఒక టేబుల్ స్పూన్ తేనె అంటే 20 గ్రాములు, 60 కేలరీలు. రోజుకు ఆరు గ్లాసులైతే 120 గ్రాముల తేనె, 365 కేలరీలు, దాదాపు వంద గ్రాముల చక్కెర. దాన్ని ఉపవాసం అనుకోకండి, అది చక్కెర నీళ్ళ మీద గడిపిన రోజు. నీరసం రాకుండా ఉండడానికి ఒకటి రెండు గ్లాసులు తాగితే తప్పులేదు, షుగర్ ఉన్నవాళ్ళకు మాత్రం అదీ వద్దు. నిమ్మరసం పళ్ళ ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది. తాగాక నోరు పుక్కిలించండి, అరగంట దాకా బ్రష్ చేయకండి.

నాలుక మీద తెల్లటి పూత, నోట్లో నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి వాసన వస్తే "విషాలు బయటికొస్తున్నాయి" అని సంబరపడేవాళ్ళున్నారు. పూత ఎందుకొస్తుందంటే, నమలడం లేక లాలాజలం తగ్గి నాలుక శుభ్రపడదు. వాసన కీటోన్లలో ఒకటైన అసిటోన్‌ది. రెండూ తిండి మొదలుపెట్టగానే పోతాయి.

షుగర్ ఉండి డాక్టరు ఒప్పుకున్నవాళ్ళు పొద్దున, మధ్యాహ్నం, నాలుగింటికి, పడుకునే ముందు పరీక్షించుకోవాలి. వేలికి సూది గుచ్చితే వ్రతం చెడదు. 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఉపవాసం అక్కడితో ఆపేయాలి. 70 కన్నా తగ్గితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోండి, లేవకపోతే ఇంకోసారి. అప్పటికీ లేవకపోతే ఆస్పత్రికి. అంకె లేచాక ఏదైనా తినండి, చక్కెర నీళ్ళు ఒక్కటే అయితే గంటలో మళ్ళీ పడుతుంది. ఒళ్ళంతా చెమట, చేతుల వణుకు, మాట తడబడడం ఉంటే మీటరు కోసం వెతక్కుండా ముందు చక్కెర ఇవ్వండి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

నీళ్ళు కూడా లేకుండా ఉండే నిర్జల ఏకాదశి జ్యేష్ఠ శుద్ధంలో, అంటే మే చివర్లోనో జూన్‌లోనో పడుతుంది. ఆ రోజుల్లో విజయవాడ, రామగుండం ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. ఏసీ గదిలో కదలకుండా కూర్చునే ఆరోగ్యవంతులు ఉంటే ఉండొచ్చేమో గానీ, ఎండలో పనిచేసేవాళ్ళకు, అరవై దాటినవాళ్ళకు ఇది వద్దని ఖచ్చితంగా చెప్పాలి. మూత్రం ముదురు పసుపుకు తిరిగినా, ఆరేడు గంటలు రాకపోయినా ఆపేయండి.

శివరాత్రి జాగరణలో ఉపవాసానికి నిద్రలేమి తోడవుతుంది. అభిషేకం చూసుకుని తెల్లారి బండి మీద ఇంటికి బయల్దేరకండి, ఇంకొకరిని నడపమనండి.

పూర్తి ఉపవాసం ఉండలేక ఫలహారం చేసేవాళ్ళు సగ్గుబియ్యాన్ని తేలికైన తిండి అనుకుంటారు. అది కర్రపెండలం పిండి, దాదాపు మొత్తం పిండి పదార్థమే, ప్రోటీన్ లేనట్టే. ఎండువి 100 గ్రాములకు 350 కేలరీలు. మనిషికి 50 గ్రాములు చాలు. రెండు మూడు నీళ్ళు పోసి కడిగి, గింజలు మునిగీ మునగనట్టు నీళ్ళుంచి నాలుగైదు గంటలు నానబెట్టండి. వేలితో నొక్కితే మెత్తగా చితకాలి. ఎక్కువ నీళ్ళు పోస్తే ఉప్మా జిగురు ముద్దవుతుంది. 20 గ్రాముల వేయించిన పల్లీల పొడి కలిపితే ప్రోటీనూ వస్తుంది, గింజలూ విడివిడిగా ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్ళకు దీనికన్నా గ్లాసు పాలు, ఒక జామపండు, గుప్పెడు పల్లీలు నయం. ఉడికించిన చిలగడదుంప అయితే 150 గ్రాములకు మించకుండా. అన్నట్టు, ఏకాదశికి ధాన్యం వద్దని అటుకులు తినేవాళ్ళున్నారు, అటుకులు బియ్యమే.

రాత్రి నిద్ర పలచగా పడుతుంది, అది మామూలే. గ్లాసు గోరువెచ్చటి నీళ్ళు తాగి తొందరగా పడుకోండి.

ద్వాదశి: పారణ

పారణ వేళ పంచాంగంలో ఉంటుంది. ద్వాదశి తిథి మొదటి పావు భాగం హరివాసరం, అందులో చేయకూడదు. ద్వాదశి వెళ్ళిపోకముందే ముగించాలి. అమెరికాలోనో లండన్‌లోనో ఉన్నవాళ్ళు తిరుపతి పంచాంగం వేళలు చూసుకోకండి. అక్కడి సూర్యోదయానికి లెక్కగట్టినవే చూడాలి, ఒక్కోసారి ఏకాదశే ముందు రోజుకు జరుగుతుంది. హరివాసరం వల్ల పారణ తొమ్మిది దాటుతుందంటే ఆ లెక్క దశమి రాత్రే చూసుకుని భోజనం కొంచెం ఆలస్యంగా పెట్టుకోవచ్చు.

36 గంటలు ఖాళీగా ఉన్న కడుపులోకి పులిహోర, గారెలు, ఆవకాయ పడితే ఏమవుతుంది? రోజంతా వాడకం లేని పిత్తాశయం నూనె చూసి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, చింతపండు పులుపు, కారం వట్టి గోడలను రాపాడతాయి, ఆకలి మీద నమలకుండా మింగిన అన్నం బరువుగా కూర్చుంటుంది. గంటలో పుల్లటి త్రేన్పులు, పొట్ట పట్టేయడం, రెండు మూడు విరేచనాలు. చక్కెర పొంగలితో మొదలుపెడితే షుగర్ ఎత్తుకు లేచి పడి, పదింటికల్లా నిద్ర ముంచుకొస్తుంది.

ఇలా చేయండి. తులసి తీర్థం తీసుకున్నాక గోరువెచ్చటి నీళ్ళు 150 మిల్లీలీటర్లు, పది నిమిషాలాగి పలచటి మజ్జిగ అర గ్లాసు ఉప్పు చిటికెడు వేసి. ఇంకో ఇరవై నిమిషాలకు పెసర జావ.

జావకు బియ్యపు నూక రెండు టేబుల్ స్పూన్లు, పొట్టు లేని పెసరపప్పు ఒక టేబుల్ స్పూన్, నీళ్ళు 600 మిల్లీలీటర్లు. పెసరపప్పును కమ్మటి వాసన వచ్చేదాకా పొడిగా వేయిస్తే పొట్ట ఉబ్బరం తగ్గుతుంది. నూక, పప్పు కడిగి, నీళ్ళు పోసి, కుక్కర్‌లో నాలుగు కూతలు రానిచ్చి చల్లారాక గరిటెతో మెదపండి. గరిటె నుంచి ధారగా జారాలి, ముద్దగా పడితే మరిగిన నీళ్ళు కలపండి. పావు టీస్పూన్ ఉప్పు, నలిపిన జీలకర్ర చిటికెడు, నెయ్యి అర టీస్పూన్. మిరియాలు, అల్లం ఈ పూటకు వద్దు. ఇది ఇద్దరికి సరిపోతుంది. ఒక్కొక్కరు ఒక కప్పు, చెంచాతో, పావుగంట పట్టేలా తాగాలి. రెండో కప్పు అడగాలనిపిస్తుంది, అరగంట ఆగండి.

జావ తాగిన రెండు మూడు గంటల తర్వాత మెత్తటి అన్నం, పెసరకట్టు, సొరకాయో బీరకాయో కూర, పెరుగు. ఎప్పుడూ తినేదాంట్లో మూడింట రెండు వంతులు. కొన్ని ఇళ్ళలో ద్వాదశి పారణకు అవిసాకు కూర, ఉసిరికాయ పచ్చడి తప్పనిసరి. అవి ఈ భోజనంలో రెండు చెంచాలు వేసుకోండి, ఖాళీ కడుపున మొదటి ముద్దగా కాదు. సాయంత్రం నుంచి మామూలు వంట. వేపుళ్ళు, మాంసం త్రయోదశి నాడు చూసుకోవచ్చు. మద్యం ఆ రోజు పూర్తిగా వద్దు. కాలేయంలో చక్కెర నిల్వ ఇంకా నిండలేదు, తాగితే షుగర్ పడిపోతుంది.

ద్వాదశి పొద్దున తూకం చూస్తే కిలో, కిలోన్నర తగ్గి ఉంటుంది. సంతోషపడండి గానీ నమ్మకండి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ మూడు గ్రాముల దాకా నీళ్ళను పట్టి ఉంచుతుంది, అది కరిగితే ఆ నీళ్ళూ పోతాయి, ఉప్పు వెంట ఇంకొన్ని. రెండు మూడు రోజుల్లో అదంతా తిరిగి వస్తుంది. కొవ్వు లెక్క వేరు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి, రోజుకు మీ ఒంటి ఖర్చు రెండు వేలు. అంటే ఒక రోజు పస్తుకు కరిగే కొవ్వు పావు కిలో దాటదు. నెలకు రెండు ఏకాదశులు ఉండి మిగతా రోజుల్లో అంతకు మించి తినకపోతేనే అది నిలుస్తుంది.

రక్తపరీక్షలు పారణ రోజున చేయించకండి. వాటికి కావలసిన పరగడుపు పది పన్నెండు గంటలే. 36 గంటల తర్వాత యూరిక్ యాసిడ్ ఎక్కువ కనిపిస్తుంది. గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో బిలిరుబిన్ కూడా పెరుగుతుంది, కళ్ళు కొంచెం పచ్చబడతాయి. ఇది పుట్టుకతో వచ్చే హానిలేని తేడా. ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని "లివర్ క్లీనింగ్" మందులు కొనుక్కున్నవాళ్ళకు లెక్కలేదు.

డిటాక్స్ జ్యూసులు

శరీరంలో వ్యర్థాలను పంపే పని కాలేయం, కిడ్నీలు చేస్తాయి. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడపోసి ఒకటిన్నర లీటర్ల మూత్రంగా కుదిస్తాయి. మీరు ఏ జ్యూస్ తాగినా దాన్ని కూడా వడపోసేది అవే. అందుకని ఏ జ్యూస్ మేలు చేస్తుందని కాక, ఏది హాని చేస్తుందని చూసుకోవడం తెలివైన పని.

సొరకాయ రసంతో జాగ్రత్త. దోస, సొర జాతి కాయల్లో కుకుర్బిటసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. కాయ చేదైతే రసం విషం. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయాక, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ వేసి పరిశీలించింది. కాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టుకోండి. చేదు తగిలితే ఉమ్మేసి, నోరు కడుక్కుని, కాయ మొత్తం పారేయండి. ఆ చేదు కాకరకాయ, కరక్కాయ రసంలో కలిస్తే తెలియదు, కాబట్టి సొర రసంలో ఇంకేదీ కలపకూడదు. తాగాక వాంతులు, రక్తపు వాంతులు, విరేచనాలు, కళ్ళు తిరగడం మొదలైతే ఇంట్లో ఉండకండి. విరుగుడు మందు లేదు, ఆస్పత్రిలో సెలైన్ పెట్టి నిలబెట్టాలి. అసలు సొరకాయ కూర వండుకుంటే ఏం లోటు? ముద్ద నోట్లో పెట్టగానే చేదు తెలిసిపోతుంది, గ్లాసెడు ఎవరూ తాగరు.

పచ్చి పాలకూర రసం రోజూ రెండు గ్లాసులు తాగితే అందులోని ఆక్సలేట్లు కిడ్నీల్లో స్ఫటికాలుగా చేరతాయి. రాళ్ళున్నవాళ్ళకు, కిడ్నీ అప్పటికే బలహీనంగా ఉన్నవాళ్ళకు ఇది పెద్ద దెబ్బ. ఉడికించి నీళ్ళు పారబోస్తే చాలా వరకు తగ్గుతాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకు రసాలు ఒక్కసారిగా మొదలుపెడితే మందు పని చేయడం తగ్గుతుంది. బీట్‌రూట్ తాగిన మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే మాత్రం కంగారుపడకండి, రంగు బీట్‌రూట్‌దే.

ఆలివ్ నూనె, నిమ్మరసం, ఎప్సమ్ సాల్ట్ తాగితే పిత్తాశయంలో రాళ్ళు పచ్చటి ఉండలుగా పడిపోతాయంటారు. ఆ ఉండలు కడుపులో నూనె, రసం కలిసి తయారైన సబ్బు. రాళ్ళు ఎక్కడివి అక్కడే ఉంటాయి, ఒక్కోసారి కదిలి నాళంలో ఇరుక్కుని కామెర్లు తెస్తాయి.

ఆముదం, సునాముఖి ఆకు పట్టించి కడుపు కడుక్కోవడం ఉపవాసం ముందు రోజున చేయకండి. విరేచనాల్లో పోయేది నీళ్ళు, సోడియం, పొటాషియం, సరిగ్గా మర్నాడు మీకు కావలసినవి. ఏకాదశి నాడు విరేచనం కాకపోవడం జబ్బు కాదు, లోపలికి ఏమీ వెళ్ళలేదు కాబట్టి.

ఒక రోజు దాటి ఉండాలనుకుంటే

మూడు రోజులు, వారం, నలభై రోజులు అని ఆశ్రమాల్లో, యూట్యూబ్‌లో చెబుతుంటారు. అక్కడి అసలు ప్రమాదం పస్తులో కన్నా ముగించడంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చెరలోంచి విడుదలైన, ఆకలికి మాడిన ఖైదీల్లో కొందరు తిండి దొరికాకే గుండె ఆగి చనిపోయారు. అన్నం పడగానే ఇన్సులిన్ లేస్తుంది, రక్తంలో మిగిలిన కాస్త ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంను కణాల్లోకి లాగేస్తుంది. గుండె, ఊపిరి కండరాలు అవి లేక ఆగుతాయి. విటమిన్ బీ1 నిల్వలు అయిపోయి ఉంటే మెదడు దెబ్బతింటుంది.

ఐదు రోజులకు మించి తిండి లేకపోతే ఈ ప్రమాదం మొదలైనట్టే లెక్క. పది రోజులు దాటితే చాలా ఎక్కువ. అప్పటికే బక్కచిక్కినవాళ్ళకు, మద్యం అలవాటున్నవాళ్ళకు ఇంకా ముందే. అలాంటి ఉపవాసం ముగించేటప్పుడు ఇంట్లో జావ కాచి పోయడం సరిపోదు. ఆస్పత్రిలో రక్తంలో లవణాలు చూస్తూ, ముందు బీ1 ఇచ్చి, మామూలు తిండిలో చిన్న వంతుతో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచుకుంటూ పోవాలి. పండ్లరసం గ్లాసు చేతికిచ్చి దీక్ష విరమింపజేసే ఫొటోలు చూసి ఇంట్లో అదే చేయకండి, చక్కెర ఎక్కువున్న ఆ గ్లాసే ముందు ఇవ్వకూడనిది.